జమేదార్ల రేవుపట్నం ముకల్లా

అరేబియా దక్షిణపు ఒడ్డున, ఏడెన్‌కు తూర్పుగా దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ముకల్లా ఉంది. వెనక చెట్టూ చేమా లేని నిట్టనిలువు కొండ, ముందు సముద్రం. ఆ రెంటి మధ్య మిగిలిన సన్నటి జాగాలో తెల్ల సున్నం కొట్టిన మేడలు ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడి ఉంటాయి. కొండ నెత్తిన కాపలా బురుజులు నాలుగు. హద్రమౌత్ అనే ఎడారి సీమకు సముద్రపు వాకిలి ఈ ఊరే. 1967 దాకా కుఐతీ సుల్తానులకు రాజధాని కూడా ఇదే. ఈ కుఐతీలకూ కువైట్ దేశానికీ ఏ సంబంధమూ లేదు. వాళ్లకు అసలు సంబంధం ఉన్నది హైదరాబాద్‌తో. ఆ రాజ్యాన్ని గెలవడానికి కావలసిన డబ్బూ మనుషులూ తుపాకులూ చాలావరకు నిజాం కొలువులో సంపాదించినవే. పాలించిన సుల్తానుల్లో చాలామంది తమ జీవితంలో ఎక్కువ భాగం హైదరాబాద్ దేవిడీల్లోనే గడిపారు.

ఈ కథకు మూలపురుషుడు ఉమర్ బిన్ అవద్ అల్ కుఐతీ. యాఫీ తెగ మనిషి. హద్రమౌత్ లోయలోని షిబాం దగ్గర వాళ్ల ఊరు. 18వ శతాబ్దం చివర్లో బతుకుతెరువు వెతుక్కుంటూ హిందుస్థానానికి వచ్చి మొదట నాగపూర్ భోంస్లేల దగ్గర, ఆ తర్వాత నిజాం దగ్గర కుదురుకున్నాడు. నిజాం సైన్యంలో అరబ్బులకు వేరే ఏర్పాటు ఉండేది. సర్కారు ఒక్కొక్క సిపాయినీ పిలిచి జీతం ఇచ్చేది కాదు. ఇంతమందిని తెచ్చి నిలబెడతానని జమేదార్ ఒప్పుకునేవాడు, మొత్తం జీతం అతని చేతికే వచ్చేది. అతను తన తెగ నుంచి, తన లోయ నుంచి కుర్రాళ్లను రప్పించుకునేవాడు. అందుకే జమేదార్ అంటే ఉత్త హోదా కాదు. సైన్యం అతనిదే, ఖజానా అతనిదే, తగువులు తీర్చే పెద్దరికమూ అతనిదే.

సర్కారు బొక్కసం ఖాళీ అయినప్పుడు ఈ జమేదార్లే అప్పిచ్చేవారు. తాకట్టుగా తాలూకాల శిస్తు వసూలును రాయించుకునేవారు. 19వ శతాబ్దం మొదటి సగంలో తెలంగాణ, మరాఠ్వాడా పల్లెల్లో అరబ్బు సిపాయి కనిపించాడంటే శిస్తు వసూలుకో బాకీ వసూలుకో వచ్చాడనే లెక్క. పట్నంలో షావుకార్లు కూడా మొండి బాకీలు రాబట్టడానికి అరబ్బులనో రోహిల్లాలనో పెట్టుకునేవారు. బాకీదారు గుమ్మం ముందు అరబ్బు తిష్ఠ వేస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టమయ్యేది. నిజాం నాటి నగరం గురించి ముచ్చటగా చెప్పుకునేటప్పుడు ఈ పీడ పక్కకు పోతుంటుంది. కానీ ముకల్లా కోటగోడల్లో కొన్ని రాళ్లు తెలంగాణ రైతు కట్టిన శిస్తుతో లేచినవే అనుకోవడంలో తప్పు లేదు. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్ జంగ్ చేసిన ముఖ్యమైన పనుల్లో ఒకటి, ఈ తాకట్లను విడిపించి అరబ్బు జమేదార్లను అదుపులోకి తేవడం.

ఉమర్ బిన్ అవద్ 1865లో హైదరాబాద్‌లోనే కన్నుమూశాడు. ఆస్తిలో మూడో వంతును హద్రమౌత్ వ్యవహారాలకే వాడాలని వీలునామా రాసిపెట్టాడు. కొడుకులు ఆ మాట నిలబెట్టారు. తండ్రి బతికుండగానే, 1858లో, షిబాం వాళ్ల చేతికి వచ్చింది. 1867లో షిహ్ర్ రేవు వచ్చింది. దాన్ని ఎవరి దగ్గర గెలిచారన్నది చిత్రమైన సంగతి. ఓడిపోయిన గాలిబ్ బిన్ ముహ్సిన్ కథీరీ కూడా హైదరాబాద్ జమేదారే. మూడో పక్షంగా ఉన్న అవ్లకీ జమేదార్ కూడా నిజాం కొలువు వాడే. చార్మినార్ నీడలో జీతం తీసుకున్న ముగ్గురు ఉద్యోగులు సముద్రానికి ఆవలి ఒడ్డున రాజ్యం కోసం కొట్టుకున్నారు. ఈ గొడవ ఏడెన్‌లోని ఇంగ్లీషు వాళ్లకూ, హైదరాబాద్ రెసిడెంటుకూ, సాలార్ జంగ్‌కూ కూడా తలనొప్పి అయింది.

ముకల్లా అప్పటికి నకీబులు అనిపించుకునే కసాదీ వంశపు పాలకుల చేతిలో ఉండేది. ఊరికి ఉత్తరాన, లోయ మొగలో బండరాయి మీద కనిపించే గువైజీ కోట వాళ్లు 1716లో కట్టించిందే. కసాదీ నకీబు కుఐతీల దగ్గర అప్పు చేశాడు. అప్పు కింద 1873లో సగం ఊరు తమదని కుఐతీలు కాగితం సంపాదించారు. అటుపైన ఎనిమిదేళ్లు తగాదా నడిచింది. 1881లో ఇంగ్లీషు వాళ్ల మద్దతుతో కుఐతీలు మొత్తం ఊరిని పట్టుకున్నారు. నకీబు తన వాళ్లతో ఓడలెక్కి జాంజిబార్ వెళ్లిపోయాడు. అప్పిచ్చి తాలూకాను పట్టుకునే విద్య హైదరాబాద్‌లో నేర్చినదే. అదే విద్యను ముకల్లాలో ఒక రేవుపట్నం మీద ప్రయోగించారంతే. 1888లో ఆ రాజ్యం బ్రిటిష్ రక్షణలోకి వెళ్లింది. వాళ్లను సుల్తానులుగా ఇంగ్లీషు వాళ్లు గుర్తించింది మాత్రం 1902లోనే.

అక్కడి నుంచి పాలన రెండు ఊళ్లలో నడిచింది. అన్నదమ్ముల్లో ఒకరు ముకల్లాలోనో షిహ్ర్‌లోనో కూర్చుని పరిపాలించేవారు. ఇంకొకరు హైదరాబాద్‌లో ఉండి నిజాం దర్బారులో హోదా కాపాడుకుంటూ డబ్బూ మనుషులూ పంపేవారు. ఉమర్ బిన్ అవద్ కొడుకుల్లో అబ్దుల్లా 1888లో చనిపోయేదాకా ఆ ఒడ్డున ఉన్నాడు. సుల్తాన్ నవాజ్ జంగ్ అనే బిరుదున్న అవద్ ఈ ఒడ్డున ఉన్నాడు. అవద్ తర్వాత 1909లో గాలిబ్, 1922లో ఉమర్, 1936లో సాలిహ్ బిన్ గాలిబ్ గద్దెనెక్కారు. గాలిబ్ చనిపోయింది హైదరాబాద్‌లోనే. సాలిహ్ పెరిగి పెద్దయిందీ ఇక్కడే. పండితుడైన సుల్తానుగా ఆయనకు పేరు. ఇస్లామిక్ ధర్మశాస్త్రం మీద అరబ్బీలో పుస్తకం రాశాడు. 1941లో ముకల్లాలో ప్రజల కోసం గ్రంథాలయం తెరిపించాడు.

మామూలు సిపాయి బతుకు కూడా రెండు ఒడ్డుల మధ్యే గడిచేది. హద్రమౌత్ నుంచి మగవాళ్లు మాత్రమే వచ్చేవారు. ఆడవాళ్లు ఇల్లు దాటి సముద్రం దాటడం అరుదు. అందుకని చాలామందికి అక్కడొక సంసారం, ఇక్కడొక సంసారం ఉండేది. ఇక్కడ పెళ్లాడిన దక్కనీ స్త్రీకి పుట్టిన పిల్లల్లో మగపిల్లవాణ్ణి పదేళ్లు దాటాక అరబ్బీ నేర్చుకోవడానికి, తెగ మర్యాదలు ఒంటబట్టించుకోవడానికి తాత ఊరికి పంపేవారు. ఇంట్లో ఉర్దూ, సంతలో తెలుగూ విని పెరిగిన కుర్రాడు ఒంటెల వెంట నడిచి అక్కడి లోయకు చేరేవాడు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చి తండ్రి దండులోనే చేరేవాడు.

ప్రయాణానికి రుతువు చూసుకోవాలి. నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం మీద తెరచాప పడవ బయల్దేరదు. వానలు వెనకబట్టాకే రాకపోకలు మొదలయ్యేవి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు పడ్డాక బొంబాయి దగ్గరైంది. 1907లో నాంపల్లి స్టేషన్ కట్టాక బండి అక్కడే ఎక్కవచ్చు. బొంబాయి నుంచి ఆవిరి ఓడలో అయిదారు రోజులకు ఏడెన్. అక్కడి నుంచి తీరం వెంబడి చిన్న ఓడలోనో సంబూక్ అనే పడవలోనో ముకల్లా. డబ్బు తక్కువైన సిపాయి బొంబాయిలోనే నేరుగా అరబ్బు పడవ ఎక్కేవాడు. గాలి కలిసొస్తే త్వరగా, లేకుంటే దేవుడి దయ. ముకల్లాలో పెద్ద ఓడ ఒడ్డుకు ఆనే వీలు లేదు. దూరంగా లంగరు వేస్తే చిన్న పడవలు వచ్చి మనుషులనూ మూటలనూ దించుకుపోయేవి.

ఊరికి ముందుగా దాని వాసన తగిలేది. సార్డిన్ చేపలు ఒడ్డు పొడుగునా ఎండేవి. సొరచేప నూనె కాచి పడవల చెక్కకు పూసేవారు. ఎండు చేపలు మనుషుల తిండే కాదు, ఒంటెల మేత కూడా. పడమటి దిక్కున ఊరి ద్వారం ఉండేది. దాని బయట ఒంటెల మైదానం. లోయలో నుంచి వచ్చిన బిడారులు అక్కడే దిగాలి. ఖర్జూరం, పొగాకు, దోఆన్ లోయ తేనె దించుకుని, బియ్యం, చాయపత్తి, గుడ్డలు ఎక్కించుకునేవారు. ఆ బియ్యంలోనూ గుడ్డలోనూ ఎక్కువ భాగం హిందుస్థానం నుంచి దిగుమతి అయినవే. లోపలి షిబాంకు ఒంటెల మీద వారానికి పైగా పట్టేది. దారిలో ఒక్కో తెగ హద్దు దాటడానికి ఆ తెగ మనిషిని తోడు తీసుకుని, అతనికి రుసుము ఇచ్చుకోవాలి. 1937లో హెరాల్డ్ ఇంగ్రామ్స్ అనే ఇంగ్లీషు అధికారి వెయ్యికి పైగా తెగల పెద్దలతో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేయించేదాకా ఈ తతంగం తప్పలేదు.

సముద్రం అంచున సుల్తాన్ ఉమర్ 1920ల్లో కట్టించిన రాజభవనం ఉంది. మట్టి ఇటుకలతో ఆకాశానికి లేచే హద్రమౌత్ కట్టడం తీరు వేరు. ఈ భవనం తీరు వేరు. తెల్లటి గోడలు, వరస కిటికీలు, హిందుస్థానీ పోకడ. చూసినవాళ్లకు దక్కన్ నవాబు బంగళా సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చిందా అనిపిస్తుంది. 1893-94 చలికాలంలో హద్రమౌత్ తిరిగిన ఇంగ్లీషు యాత్రికులు థియొడోర్, మేబెల్ బెంట్ దంపతులకు లోపలి లోయలో ఆతిథ్యమిచ్చిన కుఐతీ ప్రభువు ఏళ్ల తరబడి హిందుస్థానంలో ఉండి వచ్చినవాడు, హిందుస్థానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఎడారి మధ్య కోటలో ఆ భాష అక్కరకు రావడం వాళ్లకు ఆశ్చర్యమే అయింది. ఫ్రెయా స్టార్క్ 1930ల మధ్యలో వచ్చేనాటికి ముకల్లా గురించి రాయని యాత్రికుడు లేడు. వాళ్లంతా ఊరి వింతలు చూశారు కానీ, ఖర్చు ఎక్కడి నుంచి వస్తోందో ఆ ఊరికి వెళ్లి చూసినవాళ్లు తక్కువ.

ఆ రాజ్యపు తపాలా బిళ్లలు చూస్తే బంధం ఎంత గట్టిదో తెలుస్తుంది. 1942లో 'కుఐతీ స్టేట్ ఆఫ్ షిహ్ర్ అండ్ ముకల్లా' పేరుతో మొదటి బిళ్లలు వచ్చాయి. తలపాగాతో సుల్తాన్ సాలిహ్ బొమ్మ, ముకల్లా రేవు దృశ్యం, షిబాం మేడలు. వెల మాత్రం అణాల్లో, రూపాయల్లో. అరేబియాలో చెలామణి అయ్యే నాణెం మన రూపాయే కావడం ఆ రోజుల్లో వింత కాదు. ఊళ్లో పాత మరియా థెరిసా వెండి నాణేలూ నడిచేవి. 1951లో అణా బిళ్లల మీదే సెంట్లు, షిల్లింగులు అచ్చు వేసి అమ్మారు.

ఈ అరబ్బు సిపాయిల బతుకు హైదరాబాద్‌లో ఎక్కడ కనిపించేదంటే, పాతబస్తీ అవతల ఉన్న బర్కాస్ పేరే అందరూ చెబుతారు. నిజాం సైన్యంలోని మైసారం పటాలం అరబ్బు సిపాయిల బారకాసులు అక్కడే ఉండేవి. అయితే నారాయణగూడ, చిక్కడపల్లి వాళ్లు అరబ్బులను చూడటానికి బర్కాస్ దాకా పోనక్కర లేదు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాపురమున్న కింగ్ కోఠీ నారాయణగూడ చౌరస్తాకు నడిచిపోయేంత దూరం. దాని పెద్ద గేటుకు ఎప్పుడూ తెర వేలాడుతూ ఉండేది. అందుకే పర్దా గేటు అన్నారు. తెర ఎత్తి ఉంటే నిజాం బయటికి వెళ్లాడని అర్థం. ఆ గేటు దగ్గర మైసారం పటాలం సిపాయిలూ, నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫెఖాస్ సిపాయిలూ, పోలీసులూ కాపలా కాసేవారు. నడుముకు వంకీ తిరిగిన జంబియా బాకు, తలకు గుడ్డ, భుజాన తుపాకీ. హద్రమౌత్ నుంచి దిగిన మనిషి రూపం అదీ.

అదే కాలంలో అదే నారాయణగూడలో ఇంకో లోకం తయారవుతోంది. 1928లో మాడపాటి హనుమంతరావు తెలుగు ఆడపిల్లల కోసం ఇక్కడ బడి పెట్టించారు. తెలుగులో చదువు చెప్పడమే సాహసమైన రోజులవి. పలకా బలపం పట్టుకుని వెళ్లే తెలుగు పిల్లలూ, జంబియా పెట్టుకుని కాపలాకు వెళ్లే అరబ్బులూ ఒకే పేటలో తిరిగినా ఒకరి లోకం ఇంకొకరికి తెలిసింది తక్కువ. ముకల్లా గురించి తెలుగులో రాతలు ఇంత పలచగా ఉండటానికి అదొక కారణం కావచ్చు. ఫర్మానాలూ ఉత్తరాలూ ఫార్సీ, ఉర్దూ, అరబ్బీల్లో ఉండిపోయాయి.

బంధం తెగడం 1940ల్లో మొదలైంది. హద్రమౌత్ బతికేది బయటి నుంచి వచ్చే డబ్బు మీద. ఒక పాయ జావా, సింగపూర్‌ల నుంచి, ఇంకొకటి తూర్పు ఆఫ్రికా నుంచి, మూడోది హైదరాబాద్ నుంచి. 1942లో జపాన్ ఆగ్నేయాసియాను పట్టుకోవడంతో మొదటి పాయ ఎండిపోయింది. దానికి వానలు లేకపోవడం తోడై 1943-44లో ఘోరమైన కరువు వచ్చింది. బ్రిటిష్ విమానాలు లోయలోకి ధాన్యం మోయాల్సి వచ్చింది. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చాక మూడో పాయ కూడా తెగింది. నిజాం సిపాయి దండులు రద్దయ్యాయి. మరుసటి ఏడు జాగీర్లు పోయాయి. నిన్నటిదాకా గేటు కాపలా కాసిన సిపాయి ఉన్నట్టుండి పరాయి దేశస్థుడయ్యాడు. చాలామందిని ఓడలెక్కించి ఏడెన్, ముకల్లాలకు పంపేశారు. అక్కడికి చేరేసరికి ఊళ్లో మళ్లీ కరువే. ఇక్కడే పుట్టి, ఇక్కడే పెళ్లాడి, అరబ్బీ సరిగా రానివాళ్లు భారత పౌరులుగా బర్కాస్‌లో మిగిలిపోయారు.

నిజాం 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబర్ 17న దక్షిణ అరేబియాలోని నేషనల్ లిబరేషన్ ఫ్రంట్ ముకల్లాను పట్టుకుంది. అంతకు ముందు ఏడాదే గద్దెనెక్కిన సుల్తాన్ గాలిబ్ బిన్ అవద్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. విదేశం నుంచి తిరిగి వచ్చిన ఆయన్ను మళ్లీ గద్దె ఎక్కనివ్వలేదు. ప్రవాసంలో చదువుకుని, హద్రమౌత్ చరిత్ర మీద పుస్తకాలు రాశాడు. 1948లో హైదరాబాద్ లొంగిన తేదీ కూడా సెప్టెంబర్ 17. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలందరికీ ఆ తేదీ కంఠతా వస్తుంది. సరిగ్గా పంతొమ్మిదేళ్ల తర్వాత అదే తేదీన హైదరాబాద్ జమేదార్ల రాజ్యం కూడా పోయిందన్న సంగతి సిలబస్‌లో లేదు. ప్రశ్నగా వస్తే ఎంతమంది రాస్తారో చూడాలి.

రాకపోకలు పోయినా కొన్ని అలవాట్లు ఉండిపోయాయి. వాటిలో పెద్ద సందడి చేసేది మర్ఫా. హద్రమౌత్ అరబ్బులూ, ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలూ పెళ్లిళ్లలో వాయించే డప్పుల మేళం ఇది. చేత్తో కొట్టేవి కొన్ని, పుల్లలతో కొట్టేవి కొన్ని, నడుమ కత్తులు తిప్పుతూ గంతులు. ఆ దరువుల్లో ఒకటి పాతబస్తీ దాటి, మతాలు దాటి, హైదరాబాద్ మొత్తానికి తీన్‌మార్ అయింది. సికింద్రాబాద్ నుంచి వచ్చే వినాయకుళ్లు ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నారాయణగూడ, హిమాయత్‌నగర్ మీదుగా హుస్సేన్‌సాగర్‌కు వెళ్లే దారిలో చిక్కడపల్లి కుర్రాళ్లు చొక్కాలు తడిసేదాకా ఎగిరేది ఆ దరువుకే. బోనాలకూ అదే, సినిమా రిలీజు రోజు సంధ్య, సుదర్శన్ థియేటర్ల ముందూ అదే. దాని పుట్టుక ఎవరూ అడగరు, అడగాల్సిన అవసరమూ వాళ్లకు లేదు.

రెండోది హలీం. గోధుమా మాంసమూ కలిపి గంటల తరబడి ఉడికించి మెదిపే హరీస్ అరబ్బుల తిండి. ముకల్లా వంశానికి చెందిన సుల్తాన్ సైఫ్ నవాజ్ జంగ్ తన విందుల్లో వడ్డించి దీన్ని నగరానికి రుచి చూపించాడని చెబుతారు. హరీస్‌లో ఉప్పూ నెయ్యీ తప్ప పెద్దగా మసాలా ఉండదు. బర్కాస్‌లో ఇప్పటికీ అలాగే తింటారు, తియ్యగా చక్కెర వేసుకునే వాళ్లూ ఉన్నారు. హైదరాబాదీలు పప్పులూ మిరియాలూ వేయించిన ఉల్లిపాయా చేర్చి హలీం చేశారు. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. రంజాన్ వస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ హోటళ్ల ముందు మట్టిభట్టీలు లేస్తాయి. డేగిసాను మెడదాకా భట్టీలో పూడ్చి, ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి మనిషంత పొడుగు ఘోట్నీలతో దంచుతారు. కర్ర దిగినప్పుడల్లా నెయ్యి అంచులకు తేలుతుంది. సాయంత్రం అయిదు దాటితే క్యూలో నిలబడేవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు.

1970ల నుంచి దారి తిరగబడింది. చమురు డబ్బుతో అరబ్బు దేశాలు కట్టడాలు మొదలుపెట్టాక బర్కాస్ మనవళ్లూ, వాళ్ల వెనకే కరీంనగర్, నిజామాబాద్ పల్లెల తెలుగువాళ్లూ దుబాయి, మస్కట్, రియాద్‌లకు కూలికి వెళ్లారు. బర్కాస్ వాళ్లు వస్తూ వస్తూ మందీ వండే పద్ధతి పట్టుకొచ్చారు. పెద్ద పళ్లెంలో మసాలా తగ్గించిన అన్నం, పైన మాంసం, నేల మీద గుండ్రంగా కూర్చుని నలుగురైదుగురు కలిసి తినడం. ఆ హోటళ్లు ముందు బర్కాస్‌లో, తర్వాత నగరమంతటా వెలిశాయి.

ముకల్లాకు మాత్రం ఇప్పుడు హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు అరుదు. 1967 తర్వాత ముకల్లా దక్షిణ యెమెన్‌లో భాగమైంది, ఆ కాలంలో దేశం తలుపులు మూసుకుంది. 1990లో రెండు యెమెన్‌లు కలిశాక కొన్నేళ్లు రాకపోకలకు వీలు చిక్కింది. బర్కాస్ కుటుంబాల్లో కొందరు తాతల ఊళ్లు వెతుక్కుంటూ వెళ్లొచ్చారు. 2015 ఏప్రిల్‌లో అల్ ఖైదా ముకల్లాను ఆక్రమించి ఏడాది పాటు ఏలింది. 2016 ఏప్రిల్‌లో యూఏఈ మద్దతున్న సేనలు ఊరిని తిరిగి తీసుకున్నాయి. సుల్తాన్ ఉమర్ కట్టించిన రాజభవనం మ్యూజియంగా మారి ఇంకా ఒడ్డునే ఉంది.